కారు బ్యాటరీ మాటిమాటికీ దిగిపోతుంటే లోపం ఎక్కడుందో తేల్చుకోవడం ఎలా?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో సొంత కారు ఉన్నవారు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది: “రాత్రి బాగానే పెట్టిన కారు పొద్దునకు సెల్ఫ్ తిరగడం లేదు, బ్యాటరీ మార్చినా మళ్లీ అదే వరస, ఏం చేయాలి?” ఎండలు ముదిరినప్పుడూ, పండక్కి ఊరికి వచ్చి నెలల తరబడి కదలని కారును బయటికి తీయబోయినప్పుడూ ఈ ప్రశ్న మరీ ఎక్కువగా వస్తుంది. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు, ఒక మామూలు మల్టీమీటరుతో ఇంటి ముందే చేసుకోగలిగిన పరీక్షలను వరుసగా ఇక్కడ రాస్తున్నాను.

బ్యాటరీ దిగిపోవడానికి ప్రధానంగా మూడు దారులున్నాయి. బ్యాటరీ తనలోని ఛార్జిని నిలుపుకోలేకపోవచ్చు. ఆల్టర్నేటరు, అంటే మన మెకానిక్కులు డైనమో అని పిలిచేది, దాన్ని సరిగా నింపలేకపోవచ్చు. లేదా కారు ఆగి ఉన్నప్పుడు ఏదో ఒక పరికరం కరెంటును లాగుతూ ఉండవచ్చు. కొత్త బ్యాటరీ వీటిలో మొదటి లోపాన్ని మాత్రమే తీరుస్తుంది. మిగిలిన రెండింటిలో ఏది ఉన్నా కొత్తది కూడా కొన్ని వారాల్లో పాతదాని దారే పడుతుంది, పైగా పూర్తిగా దిగిపోయిన ప్రతిసారీ దాని ఆయుష్షు కొంత తరుగుతుంది. కొలవకుండా కొనవద్దని నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఇదే. వేలు పోసి కొన్న బ్యాటరీని ఏడాది తిరగకముందే పాత సామాను కిందికి నెట్టవలసి రావడం ఎవరికైనా బాధే.

ఈ పద్ధతి 12 వోల్టుల బ్యాటరీ ఉన్న పెట్రోలు, డీజిలు కార్లకు వర్తిస్తుంది. ఎలక్ట్రిక్ కార్లలోనూ, పూర్తి హైబ్రిడ్ కార్లలోనూ నారింజ రంగు తొడుగు ఉన్న కేబుళ్లను ఎట్టి పరిస్థితుల్లోనూ ముట్టుకోకండి. అవి ప్రాణాంతకమైన వోల్టేజీతో ఉంటాయి.

కావలసినవి

- డిజిటల్ మల్టీమీటరు. డీసీ వోల్టులతో పాటు 10 ఆంపియర్ల డీసీ కరెంటును కూడా కొలిచేది ఉండాలి. ఇంటి వైరింగు చేసే ఎలక్ట్రీషియన్ల దగ్గరుండే క్లాంప్ మీటర్లలో చాలావరకు ఏసీ కరెంటును మాత్రమే కొలుస్తాయి కనుక అరువు తెచ్చుకునే ముందు డీసీ ఆంపియర్లు ఉన్నాయో లేదో చూసుకోండి.
- 10 నంబరు పానా. చాలా కార్ల టెర్మినల్ నట్టుకు ఇది సరిపోతుంది.
- వంటసోడా, గోరువెచ్చని నీళ్లు, పాత టూత్‌బ్రష్, గరుకు కాగితం (శాండ్ పేపరు), కాస్త వాసెలిన్.
- మూతలు తీయగలిగిన బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటరు, వీలైతే హైడ్రోమీటరు (బ్యాటరీ ఆమ్లం సాంద్రతను కొలిచేది).
- రెండు చివర్లా క్లిప్పులున్న మూరెడు లావుపాటి వైరు.
- రబ్బరు గ్లవ్స్, కళ్లద్దాలు.
- కాగితం, పెన్ను. ప్రతి కొలతనూ తేదీ, సమయంతో రాసుకోండి. లోపం తేలేది ఒక కొలతతో కాదు, కొలతల మధ్య తేడాతో.

మొదలుపెట్టే ముందు

ఛార్జి అవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది. చిన్న నిప్పురవ్వ చాలు, బ్యాటరీ పేలి ఆమ్లం ముఖం మీద పడుతుంది. కాబట్టి దగ్గరలో బీడీ, సిగరెట్టు, అగరుబత్తి, కర్పూర హారతి ఏవీ ఉండకూడదు. ఉంగరం, కడియం, గడియారం తీసేయండి. పానా ఒక చివర పాజిటివ్‌కూ మరో చివర కారు బాడీకీ తగిలితే క్షణంలో ఎర్రగా కాలుతుంది. అందుకే విప్పేటప్పుడు ముందు నెగటివ్‌ను, బిగించేటప్పుడు చివరన నెగటివ్‌ను అన్న క్రమాన్ని ఎప్పుడూ తప్పకండి. ఆమ్లం చర్మం మీద పడితే ధారగా నీళ్లు పోసి కడగండి. కంట్లో పడితే పదిహేను నిమిషాలకు తగ్గకుండా కడిగి వెంటనే వైద్యుడి దగ్గరికి వెళ్లండి.

బ్యాటరీ విప్పితే కొన్ని కార్లలో స్టీరియో కోడ్ అడుగుతుంది, కిటికీ అద్దాల ఆటో సెట్టింగు పోతుంది. కోడ్ ముందే రాసుకోండి. తాళంచెవి కారు లోపల పెట్టి తలుపులు మూయకండి.

1. మీటరు తీయకముందే మూడు సంగతులు గమనించండి

మొదటిది, శబ్దం. తాళం తిప్పినప్పుడు టకటకమని కొట్టుకుంటూ డ్యాష్‌బోర్డు దీపాలు ఆరిపోతుంటే బ్యాటరీ దిగిపోయిందనో, టెర్మినల్ వదులైందనో అనుకోవచ్చు. దీపాలు, హారను బ్రహ్మాండంగా పనిచేస్తూ సెల్ఫ్ మాత్రం తిరగకపోతే లోపం సెల్ఫ్ మోటారులోనో, దానికి కరెంటు కలిపే స్విచ్చు లాంటి రిలేలోనో ఉండవచ్చు, అప్పుడు ఈ వ్యాసం మీ పనికి రాదు.

రెండవది, బ్యాటరీ వయసు. తయారీ తేదీ కోడ్ పైన చెక్కి ఉంటుంది, అమ్మిన తేదీ వారంటీ కార్డు మీద ఉంటుంది. బ్యాటరీకి చలికన్నా వేడి పెద్ద శత్రువు. వేసవిలో 40 డిగ్రీలు దాటే మన జిల్లాల్లో బానెట్ కింద వేడి ఇంకా ఎక్కువగా ఉండి, లోపలి పలకలు త్వరగా తినుకుపోతాయి, నీరు ఆవిరైపోతుంది. మూడు నాలుగేళ్లు నడిచిన బ్యాటరీ మీద అనుమానం రావడం సహజమే. కానీ అనుమానం వేరు, రుజువు వేరు.

మూడవది, అన్నిటికన్నా విలువైనది: నిండుగా ఛార్జి చేసిన తరువాత ఎన్నాళ్లకు దిగిపోతోంది? చిన్న పెట్రోలు కార్లలో సాధారణంగా ఉండే 35 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీ ఎంత ఛార్జి పట్టుకోగలదో చెప్పే కొలత) బ్యాటరీని తీసుకోండి. అందులో సగం, అంటే 17 ఏహెచ్ పైచిలుకు ఖర్చయితే సెల్ఫ్ కష్టంగా తిరుగుతుందని అనుకుందాం. కారు ఆగి ఉన్నప్పుడు 50 మిల్లీ ఆంపియర్లు లాగుతుంటే రోజుకు 1.2 ఏహెచ్ పోతుంది, సగం ఖాళీ కావడానికి రెండు వారాలు పడుతుంది. డిక్కీలో 5 వాట్ల బల్బు ఒకటి ఆరకుండా ఉంటే రోజుకు సుమారు 10 ఏహెచ్ పోతుంది, రెండు రోజులకే కారు మొరాయిస్తుంది. ఒక్క రాత్రికే దిగిపోతోందంటే కరెంటు పెద్ద ఎత్తున పోతూ ఉండాలి, లేదా బ్యాటరీలోనే బలం లేకపోయి ఉండాలి. ఇలా మీరు చెప్పగలిగే రోజుల లెక్కే ఏ దారిలో వెతకాలో సగం చెప్పేస్తుంది.

2. టెర్మినళ్లు, బెల్టు, నీటి మట్టం చూడండి

కొత్తపట్నం, మైపాడు, కృష్ణపట్నం లాంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి టెర్మినళ్ల మీద తెల్లటి, నీలిపచ్చని పొడి త్వరగా పేరుకుంటుంది. చీమకుర్తి గ్రానైటు క్వారీల చుట్టుపక్కల తిరిగే కార్లలో బ్యాటరీ మీద దుమ్ము అట్టకడుతుంది, ఆ దుమ్ముకు ఆమ్లపు తడి తోడైతే బ్యాటరీ పైభాగం మీదుగానే కొద్ది కొద్దిగా కరెంటు కారుతుంది. దీన్ని కొలిచి చూడవచ్చు. మీటరు నల్ల ముల్లును నెగటివ్ మీద పెట్టి, ఎర్ర ముల్లును బ్యాటరీ పై ప్లాస్టిక్ మీద అక్కడక్కడా ఆనించండి. ఒక వోల్టు దాకా కనిపిస్తే ఆ మురికి కరెంటును మోస్తున్నట్టే.

చెంచాడు వంటసోడా గ్లాసు గోరువెచ్చని నీళ్లలో కలిపి, నెగటివ్, పాజిటివ్ కేబుళ్లు విప్పి, బ్రష్‌తో రుద్ది కడగండి. ఆ నీళ్లు బ్యాటరీ రంధ్రాల్లోకి పోకూడదు. పోస్టునూ (బ్యాటరీ పైన ఉండే లోహపు మొలక), దానికి బిగించే కేబులు క్లాంపు లోపలి వైపునూ గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్దండి. చాలామంది పైపైన తుడిచి ఊరుకుంటారు, కానీ సెల్ఫ్‌కు కావలసిన వందల ఆంపియర్లు ప్రవహించేది ఆ లోపలి ముఖం గుండానే. బిగించిన తరువాత క్లాంపును చేత్తో తిప్పి చూడండి, ఏమాత్రం కదలకూడదు. వదులుగా ఉందని రేకు ముక్కో రాగి తీగో దూర్చి సరిపెట్టకండి, క్లాంపే మార్చండి. చివరన పైన వాసెలిన్ పలచగా రాయండి.

ఆల్టర్నేటరు బెల్టు పగిలినట్టో, నున్నగా మెరుస్తున్నట్టో ఉంటే, లేక లైట్లూ ఏసీ వేయగానే కీచుమని అరుస్తుంటే, బెల్టు జారుతోందని అర్థం.

మూతలున్న బ్యాటరీలో నీరు పలకల పైకి ఉండాలి. తగ్గితే డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయండి. బోరు నీళ్లు, కుళాయి నీళ్లు, ఇంట్లో తాగే ఆర్వో నీళ్లు పనికిరావు. ఉప్పు నీళ్ల బోర్లు, పడమటి ప్రకాశంలో ఫ్లోరైడు ఉన్న బోర్లు మనకు తెలిసినవే, ఆ నీటిలోని లవణాలు పలకలను చెడగొడతాయి. ఆర్వో నీటిలో కూడా కొంత లవణం మిగిలే ఉంటుంది. ఆమ్లం అసలు పోయకూడదు, ఆవిరైపోయేది నీరు మాత్రమే.

3. బ్యాటరీని పూర్తిగా ఛార్జి చేయండి

ఈ మెట్టును దాటవేస్తే తరువాతి కొలతలన్నీ తప్పుదారి పట్టిస్తాయి. దిగిపోయిన బ్యాటరీని పరీక్షించి “పోయింది” అని తీర్పు చెప్పడం నేను చూసే పొరపాట్లలో మొదటిది. ఖాళీగా ఉన్న మంచి బ్యాటరీ, చెడిపోయిన బ్యాటరీ రెండూ మీటరు మీద ఒకేలా కనిపిస్తాయి.

ఏహెచ్‌లో పదో వంతు కరెంటుతో, అంటే 35 ఏహెచ్‌కు మూడున్నర ఆంపియర్లతో, గాలి ఆడే చోట రాత్రంతా ఛార్జి పెట్టాలి. ఛార్జరు లేకపోతే ఒంగోలు, కావలి, గూడూరు, కందుకూరు లాంటి ఏ పట్టణంలోనైనా బ్యాటరీ షాపులో ఇస్తే పెడతారు. “అర్జంటుగా గంటలో ఇవ్వండి” అని అడగకండి. ఎక్కువ ఆంపియర్లతో తరుముతూ ఛార్జి చేస్తే బ్యాటరీ వేడెక్కి దెబ్బతింటుంది. ఇంజను ఐడిల్‌లో అరగంట ఉంచడం గానీ, బజారుకు ఒక చుట్టు తిప్పి రావడం గానీ ఛార్జి చేయడం కిందికి రాదు.

4. నిలకడ వోల్టేజీ చూడండి

ఛార్జి పూర్తయ్యాక కనీసం నాలుగైదు గంటలు బ్యాటరీని కదపకుండా, దేనికీ కలపకుండా ఉంచండి. తరువాత మీటరును 20 వోల్టుల డీసీ స్థానంలో పెట్టి పోస్టుల మీదే, క్లాంపుల మీద కాకుండా, కొలవండి.

- 12.6 లేదా ఆపైన: నిండుగా ఉంది.
- 12.4: సుమారు ముప్పావు వంతు.
- 12.2: సుమారు సగం.
- 12.0: పావు వంతుకు దగ్గర.
- 11.8 అంతకన్నా తక్కువ: ఖాళీ.

రాత్రంతా ఛార్జి పెట్టినా 10.5 దగ్గరే ఆగిపోతే ఆరు సెల్లుల్లో ఒకటి చచ్చిపోయిందని అర్థం, ఎందుకంటే ఒక్కో సెల్లు వాటా రెండు వోల్టుల పైచిలుకు. అలాంటప్పుడు ఇక వెతకనవసరం లేదు, బ్యాటరీ మార్చవలసిందే.

12.6 చూపిస్తే ఇంకో 24 గంటలు అలాగే విడిగా ఉంచి మళ్లీ కొలవండి. 0.1 వోల్టు తగ్గితే, అంటే 12.6 కాస్తా 12.5 అయితే, కలవరపడనక్కరలేదు. ఏ కేబులూ తగలకుండానే 12.3కు పడిపోతే లోపం కారులో లేదు, బ్యాటరీ లోపలే ఉంది.

మీటరు లేనివారికి ఇదే పరీక్ష మరో రూపంలో ఉంది. నిండుగా ఛార్జి చేసిన బ్యాటరీని కారులో పెట్టి, రాత్రికి నెగటివ్ కేబులు విప్పి ఉంచండి, పొద్దున బిగించి సెల్ఫ్ కొట్టండి. విప్పి ఉంచిన రాత్రుల తరువాత చక్కగా స్టార్టయి, బిగించి ఉంచిన రాత్రుల తరువాత స్టార్టు కాకపోతే, కారే కరెంటు తాగుతోందని తేలిపోతుంది. రెండు సందర్భాల్లోనూ స్టార్టు కాకపోతే బ్యాటరీ మీద అనుమానం బలపడుతుంది.

హైడ్రోమీటరు ఉంటే ఆరు సెల్లుల సాంద్రతనూ వేరువేరుగా రాసుకోండి. నిండు సెల్లు సాధారణంగా 1.260 నుంచి 1.280 మధ్య చూపిస్తుంది. అంకె కాస్త అటూ ఇటూ అయినా పరవాలేదు కానీ, ఒక సెల్లుకూ మరో సెల్లుకూ 0.050 తేడా ఉంటే ఆ తక్కువ చూపించిన సెల్లు చెడిపోయింది.

5. సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజీ ఎంతకు పడుతోందో చూడండి

మీటరు ముళ్లు పోస్టుల మీద ఉంచి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. మంచి బ్యాటరీ ఆ క్షణంలో 10 వోల్టులకు పైనే నిలబడుతుంది. 9.6 కన్నా కిందికి జారితే బ్యాటరీలో బలం తగ్గింది. బ్యాటరీ షాపులోని లోడ్ టెస్టరు చేసేది కూడా ఇదే పని, మీ కొలత మీద నమ్మకం లేకపోతే అక్కడ ఒకసారి చూపించుకోండి. పూర్తిగా ఛార్జి చేసిన మరునాడే తీసుకెళ్లాలి సుమా.

ఇదే సమయంలో ఎర్త్, అంటే బ్యాటరీ నెగటివ్‌ను ఇంజనుకూ బాడీకీ కలిపే పట్టీ, కూడా చూడండి. ఒక ముల్లు బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, రెండవది ఇంజను లోహం మీద శుభ్రమైన చోట పెట్టి సెల్ఫ్ కొట్టిస్తే 0.3 వోల్టుకు మించకూడదు. మించితే ఎర్త్ పట్టీ తుప్పు పట్టిందో, వదులైందో అయి ఉంటుంది. సెల్ఫ్ నీరసంగా తిరగడానికి ఇది కూడా కారణమే, కానీ నింద బ్యాటరీ మీద పడుతుంది.

6. డైనమో నింపుతోందా లేదా చూడండి

ఇంజను నడుస్తుండగా పోస్టుల మీద 13.8 నుంచి 14.7 వోల్టుల మధ్య రావాలి. హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయరు పూర్తిగా వేసి, కాస్త రేజ్ చేసి మళ్లీ చూడండి. అప్పుడు కూడా 13.3 కన్నా తగ్గకూడదు. 12.6 దగ్గరే నిలిచిపోతే డైనమో పనిచేయడం లేదు, లేదా దాని నుంచి వచ్చే వైరు, ఫ్యూజు, బెల్టులో లోపం ఉంది. 15 దాటుతుంటే డైనమో వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటరు చెడి, బ్యాటరీని ఉడకబెడుతోందన్నమాట. అలాంటి కారులో నీరు మాటిమాటికీ తగ్గిపోతుంది.

ఈ మధ్య వచ్చిన కొన్ని కార్లలో ఇంధనం ఆదా కోసం కంప్యూటరే డైనమోను అప్పుడప్పుడు నెమ్మదింపజేస్తుంది. వాటిలో కాసేపు 12.8 కనిపించినా లోపం అనుకోకండి. హెడ్‌లైట్లు వేసి కొన్ని నిమిషాల పాటు గమనించిన తరువాతే నిర్ణయానికి రండి.

ఇంజను నడుస్తుండగా బ్యాటరీ కేబులు ఊడదీసి, “ఇంజను ఆగలేదు కాబట్టి డైనమో బాగుంది” అనే పాత పరీక్షను దయచేసి చేయకండి, మీ కారు మీద ఎవరినీ చేయనివ్వకండి. ఆ క్షణంలో వోల్టేజీ ఒక్కసారిగా పైకి ఎగిరి కారు కంప్యూటరునూ, డైనమోలో కరెంటును ఒకే దిక్కుకు పంపే డయోడ్లనూ కాల్చేయగలదు. అంబాసిడర్ల కాలంలో చెల్లిన పని అది. ఇప్పటి కార్లలో ఆ ఒక్క చేష్టకు అయ్యే రిపేరు ఖర్చు బ్యాటరీ ధరకు ఎన్నో రెట్లు ఉంటుంది.

బ్యాటరీ, డైనమో రెండూ బాగున్నాయని తేలినా కారు దిగిపోతుంటే, ముందు మీ ప్రయాణాలను ఒకసారి తలచుకోండి. ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల చెరువుల మీదికి రోజుకు నాలుగైదుసార్లు, ప్రతిసారీ రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే వెళ్లి, గట్టు మీద ఇంజను ఆపి స్టీరియో, ఫోను ఛార్జరు వాడుకుంటూ కూర్చునే వారి కారులో ఏ లోపం లేకపోయినా బ్యాటరీ దిగిపోతుంది. సెల్ఫ్ తీసుకున్నదీ, ఆగి ఉన్నప్పుడు వాడినదీ తిరిగి నిండే వ్యవధి ఆ ప్రయాణాల్లో దొరకదు. వారానికి ఒకసారైనా హైవే మీద గంటసేపు నడపడం గానీ, నెలకోసారి ఛార్జరు పెట్టడం గానీ దానికి మందు.

7. ఆగి ఉన్న కారు ఎంత కరెంటు లాగుతోందో కొలవండి

ఎక్కువమంది తడబడేది ఇక్కడే కనుక నిదానంగా చేయండి.

ముందు స్టీరియో, లైట్లు అన్నీ ఆపి, తాళంచెవి తీసేయండి. బటన్ స్టార్ట్ కారు అయితే తాళంచెవిని ఇంటి లోపల, కారుకు దూరంగా పెట్టండి. బానెట్ తెరిచి ఉంచండి. ఫ్యూజు పెట్టె లోపలి భాగంలో ఉంటే డ్రైవరు తలుపు కూడా తెరిచి, తలుపు అంచులోని లాకును స్క్రూడ్రైవరుతో నొక్కి మూసుకున్నట్టు చేయండి. లేకపోతే తలుపు తెరిచి ఉందనుకుని కారు మేలుకునే ఉంటుంది. పని అయ్యాక తలుపు హ్యాండిల్ లాగి ఆ లాకును విడిపించిన తరువాతే తలుపు మూయాలి, మరిచి గట్టిగా వేస్తే లాకు విరుగుతుంది.

మీటరు ఎర్ర వైరును 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, నాబ్‌ను 10 ఆంపియర్ల డీసీ స్థానానికి తిప్పండి. క్లిప్పుల వైరును ఒక చివర నెగటివ్ పోస్టుకు, రెండో చివర నెగటివ్ కేబులుకు తగిలించండి. ఇప్పుడు కేబులును పోస్టు నుంచి విప్పినా కరెంటు ఆ వైరు గుండా వెళుతూనే ఉంటుంది. మీటరు ఒక ముల్లు పోస్టుకు, మరో ముల్లు కేబులుకు గట్టిగా ఆనేలా అమర్చి, 40 నిమిషాలు కారును ముట్టుకోకండి. కారులోని చిన్న చిన్న కంప్యూటర్లు ఒక్కటొక్కటిగా నిద్రపోవడానికి ఆ వ్యవధి కావాలి. తరువాత క్లిప్పుల వైరు తీసేస్తే, ఇక కరెంటు అంతా మీటరు గుండానే వెళ్లి అంకె కనిపిస్తుంది.

ఈ స్థితిలో తాళం తిప్పకండి, సెల్ఫ్ కొట్టకండి, తలుపులు తీయకండి. సెల్ఫ్ కొడితే మీటరు కాలిపోతుంది.

అంకె 0.05 లేదా అంతకన్నా తక్కువ ఉంటే, అంటే 50 మిల్లీ ఆంపియర్లలోపు, మామూలే. అలారం, కారు గడియారం, కంప్యూటరు జ్ఞాపకశక్తి, వీటికి ఆ మాత్రం కావాలి. 0.10 దాటితే వెతకాలి. 0.40 దగ్గర స్థిరంగా ఉంటే ఎక్కడో ఒక బల్బు వెలుగుతోందేమో అని ముందుగా అనుమానించండి. అంకె నిలకడ లేకుండా ప్రతి కొన్ని నిమిషాలకూ పెరిగి తగ్గుతుంటే ఏదో ఒక పరికరం కారును నిద్రపోనివ్వకుండా మాటిమాటికీ లేపుతోందని అర్థం.

కొలత పూర్తికాగానే ఎర్ర వైరును మళ్లీ వోల్టుల రంధ్రంలోకి మార్చండి. ఆంపియర్ల రంధ్రంలోనే ఉంచి తరువాత బ్యాటరీ వోల్టేజీ చూడబోతే, బ్యాటరీ రెండు కొసలనూ నేరుగా కలిపినట్టే అవుతుంది. మీటరు ఫ్యూజు పోవడం అదృష్టం, చేతులు కాలడం కూడా జరుగుతుంది.

మీటరు దొరకకపోతే 12 వోల్టుల 5 వాట్ల బల్బును నెగటివ్ పోస్టుకూ కేబులుకూ మధ్య కలిపి చూడవచ్చు. కారు నిద్రపోయాక కూడా బల్బు స్పష్టంగా వెలుగుతుంటే పెద్ద లీకే ఉంది. బల్బు వెలగలేదు కాబట్టి లీకే లేదని మాత్రం అనుకోకండి, చిన్న లీకు దాన్ని వెలిగించలేదు.

8. ఏ దారిలో పోతోందో పట్టుకోండి

ఫ్యూజులను ఒక్కొక్కటిగా తీస్తూ మీటరు చూడండి. ఒక ఫ్యూజు తీయగానే అంకె 0.40 నుంచి 0.03కు పడిపోయిందంటే, పెట్టె మూత మీద ఆ ఫ్యూజు పేరు చదవండి, అందులోంచి వెళ్లే పరికరాల్లోనే దొంగ ఉన్నాడు. ప్రతి ఫ్యూజునూ తీసిన చోటే, అదే ఆంపియరుది పెట్టండి, పని మొదలుపెట్టే ముందు ఫ్యూజు పెట్టెను ఫోనులో ఫొటో తీసుకోండి.

ఫ్యూజు తీసి పెట్టినప్పుడు కొన్ని కార్లలో కంప్యూటరు మళ్లీ మేలుకుని లెక్క తప్పుతుంది. అలాంటప్పుడు నెగటివ్ కేబులు మామూలుగా బిగించేసి, కారు నిద్రపోయాక, మీటరును 200 మిల్లీవోల్టుల డీసీ స్థానంలో పెట్టి, ఫ్యూజు వీపు మీద కనిపించే రెండు చిన్న లోహపు చుక్కల మీద ముళ్లు ఆనించండి. కరెంటు ప్రవహించని ఫ్యూజు సున్నా చూపిస్తుంది, ప్రవహించేది ఎంతో కొంత చూపిస్తుంది. నాకు ఈ పద్ధతే ఎక్కువ ఇష్టం, ఏదీ విప్పనవసరం లేదు కనుక.

మన దగ్గర ఎక్కువగా బయటపడే కారణాలు ఇవి:

- తరువాత పెట్టించిన స్టీరియో. దాని పసుపు వైరు ఎప్పుడూ బ్యాటరీ కరెంటు మీద ఉండాలి, ఎర్ర వైరు తాళం తిప్పినప్పుడే కరెంటు వచ్చే చోట ఉండాలి. తొందరలో బిగించేవారు రెండింటినీ మెలిపెట్టి ఒకే టేపు చుట్టేస్తారు. తెర నల్లగా ఉన్నా స్టీరియో లోపల రాత్రంతా మేలుకునే ఉంటుంది. స్టీరియోను బయటికి లాగి ఆ రెండు వైర్లు కలిసి ఉన్నాయేమో చూడండి. ఆంప్లిఫయరు ఉంటే దాన్ని ఆన్ చేసే రిమోట్ వైరుకు కూడా తాళం తిప్పినప్పుడే కరెంటు రావాలి.
- పార్కింగ్ మోడ్‌లో నడిచే డ్యాష్‌క్యామ్, జీపీఎస్ ట్రాకరు, తాళం తీసినా కరెంటు ఆగని సాకెట్‌లో వదిలేసిన ఛార్జరు. ఫాస్టాగ్ బ్యాటరీని తింటుందా అని అడుగుతుంటారు. తినదు. అది కారు కరెంటుకు కలపని స్టిక్కరు మాత్రమే.
- డిక్కీ, గ్లవ్ బాక్సు దీపాలు. ఫోనులో వీడియో ఆన్ చేసి లోపల పెట్టి మూయండి, తరువాత చూస్తే దీపం ఆరిందో లేదో తెలిసిపోతుంది.
- అతుక్కుపోయిన రిలే. కారు ఆగి చాలాసేపైనా ఒక రిలే వేలికి వెచ్చగా తగిలితే అదే.
- ఎలుకలు. పెన్నా డెల్టా వరిపొలాల పక్క ఊళ్లలో కోతల తరువాత ఎలుకలు ఇళ్ల వైపు వచ్చి బానెట్ కింద చేరతాయి. కొరికిన వైరు తొడుగు ఊడి బాడీకి తగిలితే, వాన పడ్డప్పుడో మంచు కురిసినప్పుడో మాత్రమే లీకు కనిపించి ఎండలో మాయమవుతుంది. తడి వాతావరణంలో కూడా ఒకసారి కొలవండి.

ఏ ఫ్యూజు తీసినా అంకె తగ్గకపోతే, ఫ్యూజుతో పని లేకుండా నేరుగా బ్యాటరీకి కలిపిన అదనపు వైర్లను చూడండి. పాజిటివ్ టెర్మినల్ నట్టు కింద కంపెనీ వైరు కాక ఇంకేవైనా ఉన్నాయా? ఉంటే ఒక్కొక్కటీ విప్పి చూడండి. తరువాత మిగిలేది డైనమో డయోడు. ముందు నెగటివ్ విప్పి, డైనమో వెనక లావుపాటి వైరును తీసి, దాని కొనకు టేపు మందంగా చుట్టి, మళ్లీ మీటరు ద్వారా నెగటివ్‌ను కలపండి. లీకు మాయమైతే డయోడ్లు చెడినట్టే, డైనమోను ఆటో ఎలక్ట్రీషియన్‌కు ఇవ్వండి. ఆ వైరు తీసి ఉండగా ఇంజను స్టార్ట్ చేయకండి. చెయ్యి తిరగనివారు ఈ ఒక్క పరీక్షనూ ఎలక్ట్రీషియన్‌తోనే చేయించుకోవడం మేలు.

సరిచేసిన తరువాత ఎలా రూఢి చేసుకోవాలి?

లోపం దొరికి బాగు చేయించాక 7వ మెట్టును మొత్తం మళ్లీ చేసి, అంకె 0.05 లోపు ఉందని కళ్లతో చూడండి. తరువాత బ్యాటరీని పూర్తిగా ఛార్జి చేసి, రాత్రి కారు ఆపిన మూడు గంటల తరువాత ఒకసారి, పొద్దున తలుపు తీయకముందే మరొకసారి వోల్టేజీ కొలవండి. కారు ఆపిన వెంటనే వచ్చే 13 వోల్టుల పైచిలుకు అంకెను నమ్మకండి, అది పైపై ఛార్జి మాత్రమే, కాసేపట్లో దిగిపోతుంది. రాత్రికీ పొద్దుటికీ తేడా 0.1 వోల్టుకు మించకుండా వారం రోజులు సాగితే పని పూర్తయినట్టు. మధ్యలో ఒక్క రోజు పెద్దగా తగ్గితే ఆ రోజు ఏం వాడారో, వాన పడిందో రాసుకోండి, లోపం అప్పుడప్పుడే వస్తోందని తెలుస్తుంది.

బ్యాటరీయే పోయిందని తేలితే, పాతదాని మీద ఉన్న ఏహెచ్, పోస్టుల అమరిక, రకం అన్నీ సరిపోయేదే తీసుకోండి. సిగ్నల్ దగ్గర తనంతట తానే ఇంజను ఆగి మళ్లీ స్టార్టయ్యే కార్లలో అందుకోసం ప్రత్యేకంగా తయారైన బ్యాటరీ ఉంటుంది, వాటిలో మామూలుది వేస్తే త్వరగా పోతుంది. వారంటీలో ఉన్న బ్యాటరీ అయితే, మీరు తేదీలతో రాసుకున్న 4, 5, 7 మెట్ల కొలతల కాగితాన్ని వెంట తీసుకెళ్లండి. “ఛార్జి పెట్టి ఇచ్చాం, బాగానే ఉంది” అని తిప్పి పంపబోయినప్పుడు, కారు 0.03 మాత్రమే లాగుతోందనీ, విడిగా ఉంచినా ఒక్క రోజులో 12.3కు పడిపోయిందనీ చూపించగలిగితే మాట మీవైపు నిలబడుతుంది.

నెలల తరబడి కారును ఇంటి దగ్గర వదిలి చెన్నైకో, హైదరాబాదుకో వెళ్లేవారు బ్యాటరీని నిండుగా ఛార్జి చేసి, నెగటివ్ కేబులు విప్పి, క్లాంపు పోస్టుకు తగలకుండా గుడ్డ చుట్టి పక్కకు కట్టి వెళ్లండి. విప్పే ముందు డిక్కీ, తలుపులు తాళంచెవితో చేత్తో తెరుచుకుంటాయో లేదో చూసుకోండి. రెండు మూడు నెలలకు ఒకసారి ఇంట్లో ఉన్నవారితో ఛార్జి పెట్టించండి, 12.4 కన్నా కిందికి దిగనివ్వకండి.